తెప్పలో నీళ్ళు నిండవు

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అమ్మాయికి,

నీ కవరు బుధవారం అందింది. కేథరిన్ గ్రేంజర్ మీద నువ్వు రాసిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది. విజయనగరంలో డిగ్రీ చదువుకుంటున్న పిల్లకి ఎక్కడో గ్లాస్గోలో పుట్టి, బ్రిటన్ తరఫున పడవ పందేల్లో తెడ్లేసిన రోయర్ మీద మనసు పోయిందంటే నాకు ముచ్చటేసింది. ఎందుకు పోయిందని అడగను. రాసేవాళ్ళకి అలా ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది.

ఇక పెన్సిలు సంగతి.

మొదటి పేజీ, నాలుగో వాక్యం. “ఎదురుగా కనిపిస్తున్న గెలుపు గీత మీదే చూపు నిలిపి తెడ్లు వేసింది.” దాని కింద రెండు గీతలు గీశాను చూడు. రోయింగ్ పడవలో గెలుపు గీత వీపు వెనక ఉంటుంది తల్లీ. పడవ ఎటు పోతుందో అటు వీపు పెట్టి కూర్చుంటారు. గీత దాటేదాకా అది కంట పడదు, తల తిప్పి చూస్తే తప్ప. మన తెప్ప మీద మనిషి ముందుకు చూస్తూ తెడ్డేస్తాడు కాబట్టి నీకు ఆ బొమ్మే మనసులో పడిపోయి ఉంటుంది. తప్పు నీది కాదు, కానీ వాక్యం నీదే.

ఈ తప్పు నేనూ చేశాను. నీ అంత వయసులో కళింగపట్నం జాలరి మీద ఒక కథ రాశాను. తుపానులో తెప్ప నిండా నీళ్ళు నిండిపోతాయి, మనవాడు రెండు చేతులా తోడిపోస్తుంటాడు, ఆకాశంలో మెరుపులు. అచ్చయింది కూడా. ఆ పత్రిక చంకన పెట్టుకుని కళింగపట్నం వెళ్ళి, లైట్ హౌస్ కింద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి గర్వంగా చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, వల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: “తెప్పలో నీరు నిండడమేటి బాబూ? అది దుంగల కట్ట గదా. కిందనుంచొచ్చిన నీరు కిందకే పోద్ది.” అంతే. మళ్ళీ వల పనిలో పడిపోయాడు. ఆ కథ ఇప్పటికీ నా పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

సరే, వెనక్కి తిరిగి కూర్చుంటారన్న ఒక్క ముక్క తెలిస్తే ఏమొస్తుందంటావా? నీ ఆరో పేజీ తియ్యి. 2008 బీజింగ్. “దురదృష్టవశాత్తు మరోసారి వెండితోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది” అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడే కదా నీ కథంతా ఉంది!

గ్రేంజర్‌తో కలిపి నలుగురు ఆడపిల్లలు, మనిషికి రెండేసి తెడ్లు. దాన్నే క్వాడ్ అంటారు. 2005 నుంచి వరుసగా మూడేళ్ళు ప్రపంచ ఛాంపియన్‌షిప్ బ్రిటన్ క్వాడ్‌దే. (2006లో మొదట గెలిచింది రష్యా, డోపింగ్‌లో పట్టుబడితే బంగారం వీళ్ళకి మారింది. దాన్ని నువ్వసలు ముట్టుకోలేదు.) బీజింగ్‌లోనూ చాలా దూరం వీళ్ళ పడవే ముందుంది. ఇప్పుడు ఆ పడవలో కూర్చుని చూడు. ముందున్నవాళ్ళకి వెనకబడిన పడవలన్నీ కళ్ళెదుటే ఉంటాయి. చైనా పడవా కనిపిస్తుంటుంది. అందులోవాళ్ళూ వెనక్కి తిరిగే కూర్చున్నారు కాబట్టి వీళ్ళకి కనిపించేది మొహాలు కాదు, వీపులు. నాలుగు వీపులు. అవి దగ్గరవుతుంటాయి. పక్కకొస్తాయి. ఆ తర్వాత కనిపించవు. దాటిపోయారంటే అదే. ఇక చైనావాళ్ళకి వీళ్ళ మొహాలు కనిపిస్తాయి కాబోలు అనుకునేవు. వెనకబడిన ఈ పడవ ఇప్పుడు వాళ్ళ కళ్ళెదుటే ఉంది, కానీ కనిపించేది అందులోవాళ్ళ వీపులే. ఈ ఆటలో ఎవరి మొహం ఎవరూ చూడరు. పతకాలిచ్చే చోట మాత్రం ఆ నలుగురి మొహాలూ లోకమంతా చూసింది, ఏడుస్తూ.

2016 రియోలో మళ్ళీ ఇదే. విక్టోరియా థార్న్‌లీతో డబుల్ స్కల్స్, అంటే ఇద్దరే, మనిషికి రెండేసి తెడ్లు. పోటీలో ముందున్నారు, చివర్లో పోలండ్ దాటేసింది. గ్రేంజర్‌కి అప్పటికి నలభై ఏళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట చూసిందే మళ్ళీ చూసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టు. మధ్యలో 2012 బంగారం ఎలాగూ ఉంది, అది ఎక్కడికీ పోదు. నువ్వు ఆ బంగారానికి మూడు పేజీలిచ్చావు. అర పేజీ చాలు.

చేతుల సంగతి. “ఉక్కులాంటి భుజాలతో” అని నాలుగుచోట్ల రాశావు. పడవలో సీటు కింద చక్రాలుంటాయి, పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. బూట్లు పడవకే బిగించి ఉంటాయి. మోకాళ్ళు ఛాతీ దాకా ముడుచుకుని, తెడ్లు నీట్లో దించి, కాళ్ళతో తన్నాలి. తర్వాత నడుము, ఆఖర్న చేతులు. బలమంతా తొడల్లోంచి వస్తుంది. రెండు వేల మీటర్ల దూరం, ఏడు నిమిషాలు అటూ ఇటూ, నిమిషానికి ముప్పైకి పైగా తెడ్లు. అంటే రెండొందల పైచిలుకు సార్లు ఆ తన్ను. భుజాలు కొట్టేసి కాళ్ళు రాయి. అరచేతులు కూడా రాయి, బొబ్బలు అక్కడే లేస్తాయి.

“కఠోర శ్రమ, అకుంఠిత దీక్ష, మొక్కవోని ఆత్మవిశ్వాసం” కూడా కొట్టేశాను. ఎవరి పేరు ముందు పెట్టినా సరిపోయే మాటలు ఎవరి గురించీ ఏమీ చెప్పవు. దాని బదులు ఆవిడ యూనివర్సిటీకి వెళ్ళాకే తెడ్డు పట్టిందనీ, ఒలింపిక్స్ మధ్యలో లా లో పీహెచ్‌డీ చేసిందనీ నీకు తెలుసు కదా, ఎక్కడో ఫుట్‌నోటులో పడేశావు. పైకి తీసుకురా.

“మన జిల్లావాళ్ళకి ఇది ఎలా పడుతుందో మాస్టారూ” అని ఉత్తరంలో బెంగపడ్డావు. 2000 సిడ్నీ గుర్తుందా? నువ్వు పుట్టలేదేమో. గ్రేంజర్ మొదటి వెండి అక్కడే. బ్రిటన్ ఆడవాళ్ళకి రోయింగ్‌లో అదే మొదటి ఒలింపిక్ పతకం. రష్యా మీద సెకనులో వందో వంతు తేడా. అవే ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడు. ఆడవాళ్ళ రోయింగ్ 1976లో వచ్చింది, అప్పుడు కూడా వెయ్యి మీటర్లే. మగవాళ్ళతో సమానంగా రెండు వేలు ఇచ్చింది 1988లో. ఈ మాట చెప్పి చూడు, ఆమదాలవలసలో టీ కొట్టు దగ్గర కూడా వింటారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తొమ్మిదో పేజీలో గ్రేంజర్ చేత, ఆవిడ కోచ్ చేత మాటలు ఆడించావు. బతికున్న మనిషి నోట్లో మాటలు పెట్టకు. కల్పించాలని చెయ్యి దురద పెడితే నీ సొంత పిల్లని పుట్టించు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే. కటక్ పక్కన జగత్‌పూర్‌లో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) వాళ్ళ కేంద్రంలో రోయింగ్ నేర్పుతారు. ఒడిశా అమ్మాయిలు ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ 2010 ఆసియా క్రీడల్లో పెయిర్‌లో, అంటే ఇద్దరు మనిషికో తెడ్డు వేసే పోటీలో, కంచు గెలిచారు. జాలరిపేట నుంచి అక్కడికి వెళ్ళిన ఒక గుంట, మొదటిరోజు పడవలో వెనక్కి తిరిగి కూర్చోమంటే ఏమంటుంది? “ఏటీ, ఎనక్కా?” అంటుంది. ఆ తర్వాత ఏమంటుందో నువ్వు రాయి.

పత్రికకి ఇప్పుడే పంపకు. పేరు కూడా మార్చు, “వెండి నుంచి బంగారానికి” బస్సు బోర్డులా ఉంది.

నీ కాగితాలు ఇదే కవర్లో తిప్పి పంపుతున్నాను. ఏడో పేజీ మీద టీ మరక నాదే. వచ్చే ఆదివారం వీలైతే పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం రా, కళింగపట్నం వెళ్దాం. వంశధార సముద్రంలో కలిసేచోట ఎవరినైనా బతిమాలి ఒక గంట తెడ్డు నీ చేతికి ఇప్పిస్తాను. టోపీ తెచ్చుకో, ఎండ మామూలుగా ఉండదు.

ఆశీస్సులతో,
మాస్టారు