లంక పచ్చిక ఎంత ఉన్నా ముందు తల్లి ఒళ్లు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గోదావరి లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీద, నాలుగు ఒంగోలు ఆవులు, నాలుగు దూడలు. పాలు పితకరు, మొత్తం దూడలకే వదిలేస్తారు. దూడలకు ఏడో నెల నడుస్తోంది. వరద తీశాక గడ్డి మోకాలెత్తు పెరిగింది. సంక్రాంతి దాకా తల్లుల వెంటే మేపవచ్చా, ఇప్పుడే పాలు మాన్పించాలా?

గోదావరి వైనతేయ పాయ పక్కన మాకు మా నాన్నగారి కాలం నుంచీ ఆవులున్నాయి. అవి నా చేతికి వచ్చి ఇరవై రెండేళ్లు. మీరు గడ్డి ఎత్తు రాశారు, దూడల వయసు రాశారు, తల్లుల ఒళ్లు ఎలా ఉందో రాయలేదు. నేనైతే ముందు చూసేది అదే.

ఈనిన రెండో నెల వరకు ఆవు పాలు పెరుగుతూ వచ్చి, ఆ తరువాత తగ్గుముఖం పడతాయి. దూడ మాత్రం వారం వారం పెరుగుతుంది. నాలుగో నెల దాటాక దాని ఆకలి తీర్చే పని చాలావరకు గడ్డిదే. ఏడో నెల దూడ ఇంకా పొదుగు కుమ్ముతోందంటే సగం అలవాటు, సగం గారాబం. ఆ కాసిని పాల కోసం తల్లి ఒళ్లు కరుగుతూ ఉంటుంది. ఆవు పక్కన నిలబడి చూడండి. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తే పరవాలేదు, ఇంకొన్నాళ్లు తిప్పవచ్చు. ఎముకలన్నీ లెక్కపెట్టగలిగితే, తోక మొదట్లో రెండు వైపులా గుంటలు పడితే, ఆ దూడను ఈ వారమే వేరు చేయండి. చిక్కిపోయిన ఆవు, అందులోనూ దూడ చీకుతున్న ఆవు, త్వరగా ఎదకు రాదు. అలా ఒక ఈత చేజారిపోతుంది.

మన ఒంగోలు రక్తంతో బ్రెజిల్‌లో నెలోర్ జాతి తయారైంది కదా. అక్కడ మాంసం కోసం పెంచే ఆ మందల్లోనూ పాలు పితకరు. దూడలు ఏడెనిమిది నెలలు తల్లుల వెంట మేసి, ఆ తరువాతే వేరవుతాయి. కాబట్టి మీ లెక్క వింతదేమీ కాదు. అయితే వాళ్ల బీళ్లు వేరు, మన లంకలు వేరు.

లంక గడ్డి మనిషిని మోసం చేస్తుంది. మోకాలెత్తు పచ్చిక చూస్తే కళ్లు చల్లబడతాయి గానీ అందులో నీరే ఎక్కువ. అది ఏ గడ్డో కూడా చూడాలి. గరిక ఉంటే అదృష్టం. తుంగ కడుపు నింపుతుంది గానీ ఒళ్లు నింపదు. రెల్లు తెల్లగా పూసిందంటే ఇక ఇళ్లు కప్పడానికే. పొద్దున్నే వదిలే ముందు కాస్త ఎండుగడ్డి వేయండి, పచ్చిక ఒక్కసారిగా పడి పేడ పలచబడకుండా ఉంటుంది. మంచు ఆరాక వదలండి. పురుగుల పిల్లలు తడి ఉన్నప్పుడే గడ్డి కొసలకు పాకుతాయి.

2022 జులై వరద మీకూ గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు, నీరు దాన్ని ఎప్పుడో దాటేసింది. ఆ ఏడు గడ్డి విరగబడి వచ్చింది. నేను ఆగలేక నీరు తీసిన పదో రోజే వదిలేశాను. ఆకుల మీద సన్నటి ఒండ్రు పొర ఇంకా ఉంది. మూడో రోజుకు దూడలన్నిటికీ పారుడు. అది ఎలాగో తగ్గింది. అసలు దెబ్బ తరువాత తగిలింది. సంక్రాంతి ముందు ఒక కోడెదూడకు దవడ కింద సంచిలా నీరు దిగింది. కనురెప్ప లోపల సున్నం పూసినంత తెలుపు. పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగ, అంటే కాలేయంలో చేరే పురుగు. నీరు దిగిపోయిన అంచుల్లో నత్తలు ఉంటాయి, జలగ పిల్లలు వాటిలో పెరిగి బయటపడి అక్కడి గడ్డికే అంటుకుంటాయి. నేను మేపింది సరిగ్గా ఆ అంచులోనే. దూడ బతికింది గానీ జతకు పనికొచ్చే పొడుగు రాలేదు.

అప్పటి నుంచి వానపడి గడ్డి ఆకులు కడిగినట్టయ్యేదాకా వదలను. నీటి అంచు వైపు వెదురు తడిక కట్టాను. ఆ అంచు గడ్డి కోయవలసి వస్తే బాగా ఎండాకే వేస్తాను. పాలు మాన్పించే ముందు పేడ పరీక్ష చేయించి, జలగ మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే పట్టిస్తాను. చూడి ఆవులకు కొన్ని మందులు పనికిరావు, కాబట్టి సొంత వైద్యం వద్దు. లంక దాటి చేలగట్ల మీద మేపేటట్టయితే ఇంకో సంగతి: ఇవి వరిలో సుడిదోమ పురుగుకు మందు కొట్టే రోజులు. పక్కరైతును అడగకుండా గట్టెక్కించకండి.

ఇక వేరు చేయడం గురించి. మా నాన్నగారు ఒకసారి తల్లి ఆవును పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించి అవతలి లంకలో మా మేనత్త ఇంటికి తోలించారు. కళ్లెదుట లేకపోతే దూడ మరిచిపోతుందని ఆయన నమ్మకం. మూడో రోజు తెల్లవారుజామున చూస్తే ఆవు పాయ ఈదుకుంటూ వచ్చి పాక ముందు ఒళ్లంతా తడిగా నిలబడి ఉంది. దూడ అప్పటికే కింద దూరి చీకుతోంది. మా అమ్మ నవ్వింది, నాన్నగారు నవ్వలేదు.

ఇప్పుడు నేను చేసేది తేలిక. మధ్యలో గట్టి వెదురు కంచె, ఇటు దూడలు, అటు తల్లులు. చూసుకుంటాయి, వాసన చూసుకుంటాయి, మూతి మాత్రం పొదుగుకు అందదు. దూడలను తెలిసిన చోటే ఉంచి తల్లులనే పక్కకు మార్చాలి. రెండు మూడు రోజులు అరుపులతో నిద్ర ఉండదు, నాలుగో రోజుకు తల వంచి మేస్తాయి. చన్నులకు వేపాకు ముద్ద పూయడం నేనూ చేశాను. ఆకలి వేస్తే దూడ చేదు లెక్కచేయదు.

దీనికి నెల ముందు నుంచే ఆ కంచెలో అడుగున్నర వెడల్పు సందు ఉంచండి. దూడ దూరుతుంది, తల్లి పట్టదు. అవతల మంచి గరిక, తొట్టిలో కొబ్బరి చెక్క, తవుడు, కాస్త ఉప్పు. తల్లి కంటే ముందు మేలైన గడ్డి తినడం నేర్చిన దూడ వేరు చేసిన వారంలో చిక్కదు. వేరు చేసే రోజు సందు మూసేయడమే. టీకాలు, ముక్కు కుట్టడం లాంటివి ఆ వారంలో పెట్టుకోకండి.

ఎదుగుదల తెలియడానికి తూకం అక్కర్లేదు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిర్ర దాకా పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే దాదాపు కిలోలు వస్తాయి. 44 అంగుళాల చుట్టు, 40 అంగుళాల పొడవు ఉంటే 117 కిలోలు. పదిహేను రోజులకోసారి కొలవండి. పచ్చిక ఎంత ఉన్నా అంకె కదలకపోతే మేతలో సారం లేదనో కడుపులో పురుగు ఉందనో అర్థం.

ఆవులు చూడితో ఉన్నాయో లేదో కూడా మీరు రాయలేదు. అది ముందు పరీక్ష చేయించండి. జూన్‌లో చూడి కట్టిన ఆవు మార్చిలో ఈనుతుంది, సంక్రాంతి నాటికి ఈతకు మిగిలేది రెండు నెలలే. అలాంటిదాని దూడను ఇప్పుడే మాన్పించండి. లేకపోతే కొత్త దూడకు దక్కాల్సిన ముర్రుపాలు కూడా ఈ పెద్ద దూడే తాగేస్తుంది.