ఒకే చోటి నుంచి మళ్ళీ మళ్ళీ ఫోన్ వస్తుంటే

బాబూ,

పోలీస్ స్టేషన్‌లో చేరి రెండు నెలలన్నా కాలేదు, అప్పుడే నిద్ర కరువైందంటున్నావు. ఫోన్ రావడం, జీపు పంపడం, సర్దిచెప్పి రావడం, మర్నాడు మళ్ళీ అదే. నేనూ చాలా ఏళ్ళు అలాగే పరిగెత్తాను.

ముందు కాల్ రిజిస్టర్ తీసి ఆరు నెలలు వెనక్కి చూడు. ఏ చోటు, ఏ గంట, ఎన్నిసార్లు. అమెరికాలోని మినియాపొలిస్ నగరం మీద 1989లో అచ్చయిన అధ్యయనంలో, ఊళ్ళోని చిరునామాల్లో సుమారు 3 శాతం నుంచే పోలీసులకు సగం కాల్స్ వచ్చినట్టు తేలింది.

అలాంటి చోటు దొరికితే జీపు పంపకు, నువ్వే వెళ్ళి కూర్చో. మాకు ఒక బస్టాపు దగ్గర రోజూ రాత్రి పది దాటితే కొట్లాటే. నాలుగు నెలలు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టాను. చివరికి విసుగొచ్చి మఫ్టీలో వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. ఆఖరి బస్సు కిక్కిరిసి వచ్చింది, ఆగకుండా పోయింది. సంచులు పట్టుకుని కొంతమంది వెనకాల పరిగెత్తి, ఆయాసపడుతూ ఆగిపోయారు. ఐదు నిమిషాల్లో ట్యాక్సీవాళ్ళు రేటు మూడింతలు చేశారు. ఇక అరుపులు. మా కేసు కాగితాలన్నిటిలోనూ ‘మాటా మాటా పెరిగి’ అనే ఉంది. బస్సు ఊసు ఒక్కదాంట్లో లేదు! ఇంకో బస్సు వేయించడానికి ఆరు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగాను.

ఇది నా తెలివేం కాదులే. కాల్స్ వెనకున్న సమస్యను పట్టుకోవాలని, పోలీసు పని మీద పరిశోధన చేసిన అమెరికా ప్రొఫెసర్ హెర్మన్ గోల్డ్‌స్టీన్ 1979లోనే రాశాడు. తర్వాత అక్కడి వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో దాన్ని నాలుగు మెట్లుగా అమలు చేశారు: సమస్యను గుర్తించడం, కారణం తవ్వడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడటం. మనవాళ్ళు రెండోది వదిలేసి మూడోదానికి గెంతుతారు. గస్తీ పెంచితే చాలంటారు పైవాళ్ళు. కానీ 1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో ప్రయోగం చేసి చూస్తే, జీపుల గస్తీ పెంచిన చోటా, మానేసిన చోటా నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మీటింగులు పెట్టు, కానీ మైకు దగ్గరికి ఎప్పుడూ ఆ నలుగురే వస్తారు. రాత్రి డ్యూటీ దిగి నడిచి వెళ్ళేవాళ్ళు మీటింగుకి రారు, వాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళాలి.

కాల్స్ తగ్గగానే సంబరపడకు. జనం చెప్పి చెప్పి విసిగి మానేసి ఉండొచ్చు, గొడవ పక్క వీధికి మారి ఉండొచ్చు. మూడు నెలలాగి అదే గంటకు అక్కడే మళ్ళీ కూర్చో.

నీ రిజిస్టర్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనబడ్డ మూడు చోట్లేవో నాకు రాయి.

పెదనాన్న