సమాధానం: బడిలో పంచిన ఆ పోషకాహార కరపత్రం ఎవరిది?

గుణుపురం చెల్లీ, బాబు బడిలో ఏదో "పోషకాహార సమాచార సంస్థ" పేరుతో కరపత్రం ఇచ్చారని, అందులో చెప్పినట్టు రెండు పూటలా పాలల్లో మాల్టు పొడి కలిపి ఇవ్వాలా అని అడిగావు. అక్కర్లేదమ్మా.

ముందు ఆ కాగితం చివరి పేజీ అడుగున చూడు. పోయినేడు పర్లాకిమిడిలో మా పాపకి ఇచ్చినదాంట్లో "సహకారం" అన్న మాట కింద ఒక బిస్కెట్ల కంపెనీ గుర్తు గోరంత ఉంది. భూతద్దం పెడితే గానీ కనబడలేదు. నీదాంట్లో లేకపోతే, ఆ సంస్థ వెబ్‌సైటులో డబ్బెవరిస్తున్నారో వెతుకు. అదీ చెప్పకపోతే కాగితం పక్కన పడేయ్.

పేరు చూసి నమ్మకు. ఇల్సీ (ఇంటర్నేషనల్ లైఫ్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్) అనే అంతర్జాతీయ ఆహార పరిశోధన సంస్థను 1978లో మొదలుపెట్టింది కోకాకోలా పెద్ద అధికారే. ఒళ్లు పెరగడానికి తిండికన్నా కదలిక లేకపోవడమే కారణమన్నట్టు ప్రచారం చేసిన గ్లోబల్ ఎనర్జీ బ్యాలెన్స్ నెట్‌వర్క్ వెనక కోకాకోలా డబ్బుందని 2015లో బయటపడింది, ఆ ఏడాదే అది మూతపడింది. ఇలాంటి వాళ్లు అన్నీ అబద్ధాలే చెప్పరు. కానీ చక్కెర ఊసెత్తరు. నాకు కడుపు మండేది అక్కడే, వింటున్నది పిల్లల తల్లులు కదా!

మాల్టు పొడి డబ్బా తిప్పి, 100 గ్రాములకు కలిపిన చక్కెర ఎంతో చదువు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలతో పోల్చుకో. సంతలో చోళ్లు (రాగులు) తెచ్చి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టించు. జావకి ఆ పిండి చాలు. హెడ్‌మాస్టరు గారిని కూడా అడుగు, ఈ కాగితాలు అచ్చువేయించింది ఎవరని.