దేశాలే ఒప్పందాల నుంచి తప్పుకుంటుంటే మా అమ్మాయి క్లైమేట్ పాలిటిక్స్ చదవడం ఏమిటి?

నమస్కారం అండి. మీ ఉత్తరంలో ఉన్నది మిగతా పాఠకుల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మాయి ఎకనామిక్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. వాతావరణ మార్పులు, ప్రపంచ రాజకీయాలు తన సబ్జెక్టు అంటోంది, అంతర్జాతీయ సంబంధాల్లో మాస్టర్స్ చేస్తానంటోంది. భూతాపాన్ని అదుపు చేయాలని దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందాన్ని అమెరికా వదిలేసింది, ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు తగ్గిస్తోంది, ఎటు చూసినా యుద్ధాలే, ఈ చదువుకి రేపు విలువ ఉంటుందా అని మీ భయం. దీనికంటే సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ కోర్సు నయమని ఎవరో చెప్పారు, రెండూ పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఇంకో వాక్యం కూడా రాశారు: రాత్రి రెండింటి దాకా వార్తలు చూస్తుంది, ఏమన్నా అంటే ‘ప్రపంచమే మునిగిపోతోంది, నా కెరీర్ ఒక లెక్కా’ అంటోంది అని. నా దృష్టిలో అసలు ప్రశ్న ఆ చివరి వాక్యంలోనే ఉంది, దానికి తర్వాత వస్తాను.

ముందు అమెరికా సంగతి. 2017లో తప్పుకుంటామని ప్రకటించారు, 2020 నవంబరులో తప్పుకున్నారు, 2021 ఫిబ్రవరిలో మళ్లీ చేరారు, 2025 జనవరిలో మళ్లీ వద్దన్నారు, 2026 జనవరిలో రెండోసారి బయటికి వచ్చేశారు. మీ అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు మొదలైన వ్యవహారం ఇది, ఇంకా తెగలేదు. ఆమె పని చేయబోయేది ముప్పై ఐదేళ్లు. ఎన్నిక జరిగిన ప్రతిసారీ ఈ ప్రశ్నే నాకు వస్తుంది, దేశం పేరు మాత్రం మారుతుంది. వార్తను బట్టి చదువు ఎంచుకుంటే నాలుగేళ్లకోసారి చదువు మార్చుకుంటూ పోవాలి.

ఇంకో సంగతి, ఈ రంగమంటే మీకు కనిపిస్తున్నది శిఖరాగ్ర సదస్సులే. నిజానికి పని పెరుగుతున్నది వేరేచోట. యూరోపియన్ యూనియన్ సరిహద్దు దగ్గర కర్బన సుంకం పెట్టింది, అంటే బయటి నుంచి వచ్చే సరుకు తయారీలో ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో దాన్ని బట్టి వసూలు. 2023 అక్టోబరు నుంచి లెక్కలు మాత్రం అడిగారు, 2026 జనవరి నుంచి అసలు దశ మొదలైంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దాని కిందికి వస్తాయి. అంటే అక్కడికి ఉక్కు అమ్మే ఏ దేశపు ఫ్యాక్టరీలోనైనా ఎవరో ఒకరు కూర్చుని బొగ్గు కొన్న బిల్లులు, డీజిల్ ట్యాంకు రిజిస్టరు, కరెంటు మీటరు రీడింగులు ముందేసుకుని, ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని లెక్క కడుతూ, టన్ను ఉక్కుకి ఎంత పొగ వచ్చిందో తేల్చాలి. బిల్లుకీ రిజిస్టరుకీ పొంతన కుదరకపోతే స్టోర్స్ వాళ్లకి ఫోన్ చేసి తగువు పడాలి. సొంత లెక్క చూపించలేకపోతే యూరోపియన్ యూనియన్ నిర్ణయించిన అంకె మీద సుంకం పడుతుంది, అది మామూలుగా ఎక్కువే ఉంటుంది. ఇది క్లైమేట్ ఉద్యోగమే, గ్లోబల్ పాలిటిక్స్ ఉద్యోగమే, కాకపోతే ఫొటోలో బాగా కనిపించదు.

చైనా కూడా అంతే. 2025 ఏప్రిల్‌లో కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతికి లైసెన్సు పెట్టేసరికి వేరే ఖండాల్లో కార్ల ఫ్యాక్టరీల లైన్లు ఆగాయి. ఎలక్ట్రిక్ కారు మోటారులో అయస్కాంతం, దాని వెనక ఖనిజ శుద్ధి, దాని వెనక ఒక ప్రభుత్వం. దేశాలు కొట్టుకుంటున్నాయి కాబట్టి ఈ చదువు దండగ అన్నారు మీరు. కొట్టుకుంటున్నాయి కాబట్టే ఈ గొలుసు అర్థమయ్యే మనుషుల కోసం కంపెనీలు, బ్యాంకులు, ప్రభుత్వాలు వెతుక్కుంటున్నాయి.

ఐక్యరాజ్యసమితి గురించి మాత్రం మీ భయం సగం నిజమే. 2026 బడ్జెట్లో సుమారు 15 శాతం కోత, దాదాపు ఐదో వంతు పోస్టుల తగ్గింపు సెక్రటరీ జనరలే ప్రతిపాదించారు. ఐరాస సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కి జీతం కూడా ఉండదు. కాబట్టి అదొక్కటే గమ్యంగా పెట్టుకోవద్దని ఎవరికైనా చెబుతాను. (ఏ పరీక్ష, ఏ వయోపరిమితి అనేవి అందరూ చెప్పేవే, వదిలేస్తున్నాను.) ఇక కాప్ సదస్సుల్లో, అంటే ఐరాస ఏటా జరిపే వాతావరణ చర్చల్లో, జరిగేదేమిటో పిల్లలకి ఎవరూ చెప్పరు. ఒప్పుకోని మాటలన్నీ ముసాయిదాలో స్క్వేర్ బ్రాకెట్లలో ఉంటాయి. రాత్రంతా కూర్చుని ఒక్కో బ్రాకెట్ తీయడమే పని. అంత చేసినా 2025లో బ్రెజిల్‌లోని బెలెంలో శిలాజ ఇంధనాలు వదిలించుకునే రోడ్‌మ్యాప్ తుది పాఠంలోకి రానేలేదు. అలాంటి ఫలితం వచ్చిన మర్నాడు మళ్లీ అదే కాగితం తెరవగలిగే ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో మార్కులు చెప్పవు.

ఇప్పుడు ఆ సస్టైనబిలిటీ కోర్సు. దీని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే, దాచుకోను. 2021 తర్వాత ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన) అనే మూడక్షరాలు తగిలించి ఎన్ని సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయో లెక్కలేదు. అదే 2021లో చాలా పెద్ద బ్యాంకులు కలిసి, తమ అప్పుల వల్ల వచ్చే కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకి తెస్తామని ఆర్భాటంగా పెట్టుకున్న నెట్ జీరో బ్యాంకింగ్ కూటమి 2025 అక్టోబరులో మూతపడింది. కంపెనీలు పర్యావరణ నివేదికలు ఇవ్వాలన్న యూరప్ నిబంధన నుంచి దాదాపు 80 శాతం కంపెనీలను తప్పించాలని 2025 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది. నివేదిక రాయడం ఒక్కటే నేర్చుకున్నవాళ్ల పరిస్థితి ఏమిటి? మొదట కోత పడేది వాళ్ల మీదే. అదే టేబుల్ దగ్గర కూర్చున్న అకౌంటెంటు, లాయరు, ఇంజనీరు, గణాంకాలు తెలిసిన మనిషి ఇంకో పనికి జరుగుతారు. బ్రోచర్లో పచ్చటి ఆకు బొమ్మ చూసి ఫీజు కట్టకండి. సిలబస్ తెప్పించుకుని అందులో స్టాటిస్టిక్స్ ఎంత, చట్టం ఎంత, విద్యుత్ వ్యవస్థలు ఎలా నడుస్తాయో చెప్పే పేపరు ఉందా లేదా చూడండి. అన్నీ పరిచయాలే అయితే వదిలేయండి. నిజం చెప్పాలంటే అంతర్జాతీయ సంబంధాల మాస్టర్స్‌లో కూడా చాలావాటికి ఈ జబ్బే ఉంది, సిద్ధాంతాలు దండిగా, చేతికి వచ్చే పని తక్కువగా. మీ అమ్మాయి ఎకనామిక్స్ చదివింది, అది వదిలేయడం నాకు నచ్చలేదు. వాణిజ్యం లేదా ఇంధన ఆర్థికశాస్త్రంతో ఎకనామిక్స్‌లోనే మాస్టర్స్ చేసి, అంతర్జాతీయ రాజకీయాలు రెండు పేపర్లుగా తీసుకుంటే సరిపోతుంది. పోలిక ఇంతే అండి, ఇంకా పట్టిక వేసి చెప్పేంత లేదు.

ఇక ఆ చివరి వాక్యం. కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. ఇంత పొడుగు ఉత్తరంలో అమెరికా ఏమంది, ఎవరో ఏమన్నారు అన్నీ ఉన్నాయి కానీ, మీ అమ్మాయి ఏ పేపరు ఇష్టంగా చదువుతుంది, ఏం రాస్తుంది, లెక్కలంటే భయమా కాదా, ఒక్క ముక్క లేదు. ఆమె అన్నమాటని మీరు ఎదురు సమాధానంగా తీసుకున్నారు, నాకు అందులో భయం వినిపించింది. ఆ భయం ఉత్తుత్తిది కూడా కాదు. 2024 ఇప్పటిదాకా నమోదైన సంవత్సరాల్లో అన్నిటికంటే వేడి సంవత్సరం, పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఇది తెలిసిన పిల్లని ‘ఫోన్ పక్కన పెట్టు’ అని కసిరితే తలుపు వేసుకుంటుంది, అంతకుమించి ఏమీ జరగదు.

అయితే ఆమెకీ ఒక మాట చెప్పాలి. అమ్మా, రాత్రి రెండింటి దాకా వార్తలు తిప్పడం చదువు కాదు. నీ ఫోన్లో కనిపించని లెక్కలు కూడా ఉన్నాయి. పారిస్ ఒప్పందానికి ముందు లోకం ఈ శతాబ్దాంతానికి 3 నుంచి 3.5 డిగ్రీల వేడి పెరుగుదల దిశగా పోతోందని అంచనా. ఇప్పుడున్న విధానాలతో అది 2.8 అని ఐరాస పర్యావరణ విభాగం 2025 నివేదిక చెబుతోంది. 2.8 కూడా ఘోరమే, కానీ ఆ తేడా తనంతట తాను రాలేదు. 2024లో ఒక్క ఏడాదిలో ప్రపంచం 585 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం కలుపుకుంది, అవి కట్టినవాళ్లలో సగం మందికి వాతావరణం మీద ప్రత్యేక ప్రేమ ఉండి ఉండదు, చవక కాబట్టి కట్టారు. ఇంకోటి. 2019లో పసిఫిక్ దీవుల్లో కొందరు లా విద్యార్థులు తరగతిలో మొదలుపెట్టిన ఆలోచనను అక్కడి చిన్న దేశం వనాటు ప్రభుత్వం భుజాన వేసుకుంది, 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం దాకా వెళ్లింది, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని కోర్టు చెప్పింది. వాళ్లకి కోపంతో పాటు చట్టం తెలుసు. నీకు ఎకనామిక్స్ తెలుసు, దాన్ని ఎందుకు పారేస్తున్నావు?

నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతిని ఉంటే మాత్రం అది నా పరిధి కాదండి, మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి, కోర్సు సంగతి ఆగుతుంది.

లేదంటే ఒక పని చేయించండి. అల్యూమినియం తీసుకుని, యూరప్ కర్బన సుంకం భారం చివరికి ఎవరి మీద పడుతుందో, ఫ్యాక్టరీ మీదా, దిగుమతిదారు మీదా, కొనేవాడి మీదా, లెక్కలతో రెండు పేజీలు రాయమనండి. రాస్తున్నంతసేపూ కుర్చీలోంచి లేవకపోతే దారి సరైనదే. విసుగొచ్చి మళ్లీ చర్చా కార్యక్రమాల వీడియోల్లోకి పోతే జర్నలిజమో, బోధనో ఆలోచిద్దాం, అవీ మంచి పనులే. రాసింది నాకు పంపండి. పంపేముందు మీరొకసారి చదవండి, అర్థం కానిచోట ఆమెనే అడగండి. యూనివర్సిటీల పేర్లు ఆ తర్వాత మాట్లాడుకుందాం.