ఆ ఊరు ఏం కట్టిందో రాయి

అమ్మాయీ,

నీ నవల పదకొండో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "రాజు చెర వీడాడని తెలిసి ఊరంతా పండగ చేసుకుంది." ఏం పెట్టుకుని చేసుకుంది తల్లీ? రెండ్రోజులుగా ఇదే బాధ నాకు.

సింహహృదయుడు రిచర్డ్ పదేళ్ల ఏలుబడిలో ఇంగ్లండ్‌లో ఉన్నది పట్టుమని ఆరు నెలలు. జెరూసలేం కోసం క్రూసేడ్ అనే మతయుద్ధానికి పోయి, తిరిగొస్తూ 1192 డిసెంబర్‌లో వియన్నా దగ్గర శత్రువులకి దొరికిపోయాడు. విడిచిపెట్టడానికి అడిగింది 1,50,000 మార్కుల వెండి (మార్కు అప్పటి తూకం). దానికోసం జనం రాబడిలో, చరాస్తిలో నాలుగో వంతు ఇమ్మన్నారు. చర్చిల్లో వెండి సామాను పోయింది. సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాల దగ్గర ఆ ఏటి గొర్రెబొచ్చంతా పట్టుకుపోయారు. 1188లోనే జెరూసలేం పట్టుకున్న సుల్తాన్ సలాదిన్ మీద యుద్ధానికని పదో వంతు లాగారు. నీ నవలలో గొర్రెల ముసలమ్మ క్రూసేడ్‌ని చూసింది ఇలాగే. ఆమెను బాగా రాశావు.

నా మొదటి సీరియల్ కాకతీయుల కాలంది. చెరువు పన్ను కట్టలేని రైతు మీద ఒక అధ్యాయం రాస్తే, వారపత్రిక ఎడిటర్ "లెక్కలెవరిక్కావాలి, యుద్ధం పెట్టండి" అని కొట్టేశాడు. పెట్టాను. మా నాన్న కరణం. అచ్చయ్యాక చదివి, "ఇందులో ఊరేదిరా?" అన్నారు. నలభై ఏళ్లయినా ఆ కోపం తగ్గలేదు నాకు. ఇప్పటికీ పత్రికలకి కత్తులే కావాలి.

నువ్వుండేది ఆ దేశంలోనే కదా, రైలెక్కి లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌కి, పాత దస్తావేజులు దాచే చోటికి, వెళ్లు. అప్పట్లో పొలం తగాదా రాజుగారి కోర్టులో రాజీ అయితే, ఒకే తోలు మీద ఆ రాజీని రెండుసార్లు రాసి, మధ్యలో పెద్ద అక్షరాలు వేసి, వాటి మీదుగా వంకరటింకరగా కోసి చెరో ముక్క ఇచ్చేవారు. రిచర్డ్ కాలంలోనే, 1195 జూలై నుంచి, అడుగున మూడో ప్రతి రాసి ఖజానాలో దాచారు. రేపెవరైనా కాదంటే ముక్కలు కలిపి చూడాలి, అక్షరాలు అతకాలి. ఆ అడుగు ముక్కలు ఇంకా ఉన్నాయి. పొలం ఎంత, ఎవరి భార్య, ఎవరి కొడుకు, అన్నీ ఉంటాయి.

ఒక్క ఊరు పట్టుకో. పదకొండో అధ్యాయం మళ్లీ రాయి. నాలుగో వంతు ఇచ్చేశాక ఆ ముసలమ్మ చలికాలం ఎలా గడిపిందో రాసి పంపు. ముందు అది చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు