నర్సరీ ఫీజుకు రెండు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావారిది కొబ్బరికాయల వ్యాపారం. ధర బాగున్న నెల 50 వేలు, పడిపోతే 20 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 28 వేలు. పాపకు మూడేళ్లు నిండాయి. అమలాపురంలో పూర్తిగా ఇంగ్లిష్‌లో నడిచే స్కూలుకు ఫీజు, వ్యాను, పుస్తకాలు కలిపి ఏడాదికి 1,10,800 అవుతుంది. ప్రయాణం పూటకు గంట. ఊళ్లో ప్లేస్కూలుకు మొత్తం 28 వేలే గానీ అక్కడ సగం తెలుగే. చేతిలో ఉన్నది 50,800. మిగతా 60 వేలు రెండు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాం. చేర్పించమంటారా?

జవాబు: వద్దమ్మా. ఊళ్లో స్కూల్లోనే వేయండి. ఈమధ్య చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి లెక్కతో సహా చెబుతాను.

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 60 వేలకు నెలకు 1,200, ఏడాదికి 14,400 వడ్డీకే పోతుంది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడేళ్లూ ఇలాగే తెచ్చి వడ్డీ మాత్రమే కడుతూ పోతే కట్టిన వడ్డీ 86,400. పాప ఒకటో తరగతికి వచ్చేసరికి అసలు 1,80,000 అలాగే నెత్తిన ఉంటుంది. ఇది ఫీజు పెరగదనుకుని వేసిన లెక్క. పెద్ద చదువుకు అప్పు చేస్తే చివర్లో జీతమైనా వస్తుంది, నర్సరీ అప్పుకు ఆ ఆశా లేదు. నగలు కుదువ పెడతామన్నా నా మాట ఇదే.

అసలు నన్ను భయపెట్టింది ఆ 50,800. అదొక్కటే మీ దగ్గరున్న డబ్బు, దాన్నీ స్కూలుకే కట్టేద్దామనుకుంటున్నారు! తుపాను కొట్టి చెట్లు పడిపోయినా, మీవారు నెల రోజులు మంచాన పడినా మళ్లీ ఆ వడ్డీవ్యాపారి గుమ్మమే గతి. నెల జీతం వచ్చేవాళ్లకు మూడు నెలల ఖర్చు దాచుకుంటే సరిపోవచ్చు. మీ రాబడికి నిలకడ లేదు, ఆరు నెలలది కావాలి. అంటే 1,68,000.

ఊళ్లో స్కూలుకు 28 వేలు పోగా 22,800 మిగులుతుంది. దాన్ని వేరే బ్యాంకులో, ఫోన్‌పే తగిలించని ఖాతాలో వేయండి. కట్టాల్సి వచ్చేదనుకున్న 1,200 కూడా నెలనెలా అందులోనే వేస్తే ఏడాదికి 37,200. నెల ఖర్చు దాటేసినట్టే. పండగల సీజన్లో కాయకు ధర పలికినప్పుడు వచ్చే మిగులు కూడా ఇందులోకే. ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే బ్యాంకు పొదుపు) మీకు నప్పదు, కాయ అమ్ముడుపోని నెల కంతు తప్పుతుంది. ఆడపిల్లల పేరిట ఉన్న ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధి మంచిదే కానీ అవసరానికి తీయలేరు, ఆ 1,68,000 నిండాక చూద్దాం. టర్మ్ (మీవారికి ఏమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా), ఆరోగ్య బీమాలు మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

ఇక చదువు సంగతి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి, వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే చెప్పాలి. సగం తెలుగు అన్నది లోటు కాదు. కడుపు నొప్పి అని చెప్పుకోలేని చోట మూడేళ్ల పిల్ల ఏం నేర్చుకుంటుంది? చుట్టూ ఉన్నవాళ్లు రోజంతా ఇంగ్లిష్‌లో కబుర్లు చెబితే పిల్లలకు భాష వస్తుంది. ఏ స్కూలైనా సరే, ఇరవై నిమిషాలు తరగతిలో కూర్చుని వినండి. టీచరు నోట ‘సిట్ డౌన్’, ‘కీప్ క్వైట్’ తప్ప ఇంకేమీ రాకపోతే మీరు డబ్బు కట్టేది గేటు మీది పేరు బోర్డుకే. నర్సరీలోనే వంద దాకా అంకెలు రాయిస్తామంటే మురిసిపోకండి, ఆ వయసు వేళ్లకు ముందు మట్టి పిసకడం, పూసలు గుచ్చడం కావాలి. అంగన్‌వాడీ కూడా ఒకసారి చూసి రండి, ఖర్చు లేదు.

ఒకటో తరగతి నాటికి 1,68,000 నిండి, ఏడాది ఫీజు విడిగా చేతిలో ఉంటే అప్పుడు అమలాపురం ఆలోచించండి. కట్టేముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: వ్యానులో ఆయా ఉంటుందా, పాపను ఎన్నో స్టాపులో ఎక్కిస్తారు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు.