పదోన్నతి దరఖాస్తులో సైటేషన్ల లెక్క: మేనకోడలికి ఒక లేఖ

హబ్సిగూడ, హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పదోన్నతి దరఖాస్తులో నీ పరిశోధనా పత్రాల సైటేషన్ల లెక్క, అంటే వాటిని వేరే పత్రాల్లో ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క, ఎలా చూపించాలో అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఈ లెక్క చూపే డేటాబేసుల్లో గూగుల్ స్కాలర్ ఒక అంకె, స్కోపస్ అంతకన్నా చిన్న అంకె చూపిస్తున్నాయనీ, పెద్దదే వేసేయమని మీ ల్యాబ్‌లో అంటున్నారనీ రాశావు. రెండూ వేయి, ఏది ఎక్కడిదో, ఏ తేదీన చూశావో పక్కనే రాయి. స్కాలర్ సిద్ధాంత గ్రంథాల్లోని, ప్రీప్రింట్లలోని (పత్రికలో అచ్చు కాకముందే బయటపెట్టిన పత్రాల్లోని) ప్రస్తావనలను కూడా కలుపుకుంటుంది. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న ప్రచురణలనే లెక్కలోకి తీసుకుంటుంది. తేడా అందుకే వస్తుంది తప్ప ఏదీ అబద్ధం చెప్పడం లేదు.

అంకెల కంటే ముందు పేరు సంగతి చూసుకో. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, ఒకరు పొడి అక్షరాలతో సరిపెడతారు. దాంతో మన రావులూ రెడ్లూ డేటాబేసుల్లో ఒకరి కింద ఒకరు కలిసిపోతారు. ఉద్యోగంలో ఉండగా ఒకసారి నేను ప్రొఫైల్ సరిచూసుకోకుండానే జాబితా అచ్చు తీసి ఇచ్చాను. ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు గుండె శస్త్రచికిత్స మీద నేను రాసిన పత్రం గురించి చెప్పమన్నారు. జీవితంలో పిపెట్ కంటే పదునైనది పట్టి ఎరుగను; ఆ పత్రం నా పేరే ఉన్న ఒక వైద్యుడిది. తప్పు నాదే కాబట్టి ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. నువ్వు పెళ్లికి ముందు ఒక పేరుతో, తరువాత ఇంకో పేరుతో రాశావు కనుక ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఓర్కిడ్ గుర్తింపు సంఖ్య తీసుకుని, రెండు పేర్ల పత్రాలనూ దాని కిందికి చేర్చు. స్కాలర్ ప్రొఫైల్‌లో కొత్త పత్రాలు వాటంతట అవే చేరిపోయే ఏర్పాటును ఆపేసి, ముందు నీకు చూపించి అడిగేలా పెట్టుకో.

ఇక హెచ్ ఇండెక్స్. దీన్ని 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒక్కోదానికి కనీసం ఐదేసి సైటేషన్లున్న పత్రాలు ఐదు ఉంటే అది 5, ఆరేసి ఉన్నవి ఆరు ఉంటే 6; అలా అందుకోగల పెద్ద అంకే హెచ్ ఇండెక్స్. నువ్వు పంపిన ఏడు పత్రాలనూ సైటేషన్లను బట్టి పెద్దదాని నుంచి చిన్నదానికి పెన్సిల్‌తో రాసుకున్నాను: 41, 22, 15, 9, 6, 5, 2. ఐదో వరసలో 6 ఉంది, ఐదుకు తగ్గలేదు. ఆరో వరసలో 5 ఉంది, ఆరుకు ఒకటి తక్కువ. కనుక నీ హెచ్ ఇండెక్స్ 5. మొత్తం సైటేషన్లు సరిగ్గా 100. ఆ మొదటి పత్రానికి రేపు నాలుగు వందలు వచ్చినా ఈ 5 కదలదు. ఆరో పత్రాన్ని ఇంకొక్కరు ఉటంకిస్తే చాలు, 6 అవుతుంది. పైగా ఈ అంకె పెరగడమే కానీ తగ్గడం ఉండదు కనుక ముప్పై ఏళ్ల సర్వీసున్న వారి పక్కన పెట్టి నిన్ను నువ్వు చిన్నబుచ్చుకోకు. స్కోపస్‌లో నీ సొంత సైటేషన్లను తీసేసి కూడా చూసుకో. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

సైటేషన్ దేన్ని కొలుస్తుందో అర్థం కావాలంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకో. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని, ల్యాబుల్లో దాన్ని వాడిన ప్రతివారూ ఉదహరించాల్సి వచ్చింది కనుక, వేలసార్లు ఉదహరించారు. లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ అనే వైద్యుడు 1948లో ప్రకటించిన ప్రసిద్ధ పత్రం రచయితల వరసలో మాత్రం సుబ్బారావు గారి పేరు లేదు. పద్ధతులు చెప్పే పత్రాలకూ సమీక్షా వ్యాసాలకూ సైటేషన్లు కుప్పలుగా వస్తాయి. అరుదైన జబ్బు మీద చేసిన మంచి పనికి రావు. నీ 41 సమీక్షా వ్యాసానిది కనుక ఆ మాట దాచకుండా రాయి.

వేర్వేరు రంగాలను పోల్చాల్సి వస్తే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ అనే వెబ్‌సైట్‌లో సాపేక్ష సైటేషన్ నిష్పత్తి చూడు. అక్కడ 1 అంటే అదే రంగంలో ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన మధ్యస్థ పత్రంతో సమానమని అర్థం. వైద్య పరిశోధనా పత్రాల డేటాబేసు పబ్‌మెడ్‌లో ఉన్న పత్రాలకే ఇది దొరుకుతుంది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు చెందినది, నీది కాదు. గత రెండేళ్ల పత్రాలకు ఈ ఏడు వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. ‘యాక్టా క్రిస్టలోగ్రాఫికా A’ అనే స్ఫటికశాస్త్ర పత్రికకు 2 చుట్టూ ఉన్న ఫ్యాక్టర్ 2009లో ఒక్కసారిగా 50 దాకా ఎగబాకింది. కారణం అంతకు ముందు ఏడు షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసం. పక్క పేజీల్లో రాసినవారి పని రాత్రికి రాత్రి పాతిక రెట్లు గొప్పదై ఉంటుందా? ఫారంలో ఆ గడి ఉంటే నింపు, లేకపోతే నీ అంతట నువ్వు తెచ్చిపెట్టకు.

రచయితల వరసలో నీ స్థానం మాత్రం తప్పక చెప్పు. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా పని చేసినవారిది, చివరిది ల్యాబ్ నడిపినవారిది. మధ్యలో ఉన్న పత్రాలకు నువ్వు ఏం చేశావో ఒక్కో వాక్యం రాసిపెట్టు.

జాబితా తయారయ్యాక నాకు పంపు, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చూస్తాను. దరఖాస్తు ఇచ్చే ముందు రోజు అంకెలన్నీ మళ్లీ చూసి తేదీలు మార్చడం మరువకు. ఆ ఆరో పత్రానికి అప్పటికి ఇంకొకటి వచ్చి ఉండవచ్చు.

ఆశీస్సులతో,
మీ మావయ్య